20 డాలర్ల లోపు మంచి సిరా వైన్: ఏది, ఎక్కడ?

గోదారమ్మాయి (బాతెల్, వాషింగ్టన్)

అందరికీ నమస్తే. మావారి ఆఫీసు ఫ్రెండ్ ఇంట్లో ఈమధ్య కోర్నాస్ అని ఒక ఫ్రెంచి రెడ్ వైన్ పోశారు. ముదురు ఊదా రంగు, అప్పుడే దంచిన మిరియాల ఘాటు, కాస్త పొగ వాసన, చివర్లో నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు. తెగ నచ్చేసింది. ఇంటికొచ్చి ధర చూస్తే 80 డాలర్లు!

మా బడ్జెట్ సీసాకి 20. పండగ పూట అయితే 25. అది సిరా అనే ద్రాక్షతో చేస్తారని, ఆస్ట్రేలియావాళ్ళు దాన్నే షిరాజ్ అంటారని చదివి 12 డాలర్ల షిరాజ్ ఒకటి తెచ్చాను. బ్రెడ్డు మీద రాసుకునే జామ్‌లా ఉంది. మిరియాలు లేవు, పొగ లేదు. రెండూ ఒకే ద్రాక్ష అయితే ఇంత తేడా ఎందుకు? 20 డాలర్లలో ఆ మొదటి రుచికి దగ్గరగా వెళ్ళే దారి ఏదైనా ఉందా?

కాఫీ_మాత్రమే (ఫ్రిస్కో, టెక్సాస్)

ఉందండి. ఆ ఫ్రెండ్ ఇంటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళడం.

రోన్_ఒడ్డున (లియాన్, ఫ్రాన్స్)

గోదారమ్మాయి గారూ, ద్రాక్ష ఒక్కటే, అనుమానం అక్కర్లేదు. 1990ల చివర్లో కాలిఫోర్నియా డేవిస్ యూనివర్సిటీ, మోంపెలియే శాస్త్రవేత్తలు కలిసి డీఎన్ఏ పరీక్ష చేసి తల్లిదండ్రుల్ని కూడా తేల్చారు: దురేజా అనే నల్ల ద్రాక్ష, మొందూజ్ బ్లాంష్ అనే తెల్ల ద్రాక్ష. రెండూ ఇక్కడి చుట్టుపక్కలవే. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందన్న కథ దాంతో పోయింది.

తేడా ఎండలో ఉంది. వేడి చోట ద్రాక్ష బాగా ముగ్గి చక్కెర పెరుగుతుంది, ఆల్కహాల్ 14.5, 15 శాతానికి పోతుంది, రుచి జామ్ వైపు వెళ్తుంది. చల్లటి చోట నెమ్మదిగా పండుతుంది, మిరియాలు, ఆలివ్, పొగ, పచ్చిమాంసం లాంటి వాసనలు నిలుస్తాయి. మీకు నచ్చింది ఈ రెండో రకం.

ఇక ధర. కోర్నాస్ అనేది ఊరి పేరు, అక్కడి తోటలన్నీ కలిపినా రెండొందల హెక్టార్లు కూడా ఉండవు. నిలువు కొండ, గ్రానైట్ రాయి, మెట్లు మెట్లుగా కట్టిన తోటలు. చాలా చోట్ల ట్రాక్టర్ ఎక్కదు, మనుషులే చెయ్యాలి. కోత్ రోతీ, ఎర్మిటాజ్ కొండలదీ ఇదే కథ. కాబట్టి మీరు ఇచ్చే 80లో కూలీ ఎంత, కొండ పేరు ఎంత, ద్రాక్ష ఎంత అని విడదీసి చూడండి. ఆ ఎర్మిటాజ్ కొండ దిగువనే, అదే రోన్ నది పక్కన, ట్రాక్టర్ నడిచే నేల మీద అదే ద్రాక్ష ఉంటుంది. దాని పేరు క్రోజ్ ఎర్మిటాజ్. కోర్నాస్‌కి సుమారు పదింతల విస్తీర్ణం. ఇక్కడ నేను 15 యూరోల చుట్టూ కొంటాను. అమెరికాలో 22 నుంచి 30 వరకు ఉంటుందనుకుంటా, డిస్కౌంట్‌లో మీ లెక్కకి దిగొచ్చు.

ఇంకా చవకది కావాలంటే లేబుల్ మీద కొలీన్ రొదానియెన్ అన్న పేరు వెతకండి. పేరున్న కొండల గీతకి అవతల పడ్డ తోటల వైన్ అది. కొందరు పెద్ద రైతులు తమ లేత తీగల పంటని కూడా ఇందులోనే వేస్తారు. స్తెఫాన్ ఓజియే చేసే లా రోజీన్, జెరాన్ కుటుంబం చేసే లా షాంపీన్ ఇలాంటివే. కోత్ రోతీ చేసే చేతులే ఇవీ చేస్తాయి, ధర మాత్రం మూడో వంతో నాలుగో వంతో.

స్నోక్వాల్మీ (రెడ్‌మండ్, వాషింగ్టన్)

బాతెల్‌లో కూర్చుని సిరా కోసం ఫ్రాన్స్ వైపు చూస్తున్నారా అక్కా! పక్కనే వుడిన్‌విల్. షాతో సెయింట్ మిషెల్ ఉన్నది అక్కడే, చిన్న చిన్న టేస్టింగ్ రూములు ఎన్నో ఉన్నాయి.

తోటలు మాత్రం ఇక్కడ కాదు. కాస్కేడ్ కొండలు దాటాక, తూర్పున. వాన మేఘాలన్నీ మనమీదే ఖాళీ అయిపోతాయి కదా, అవతల దాదాపు ఎడారి. పగలు మంచి ఎండ, రాత్రి చలి. పండు ముగ్గుతుంది, పులుపు పోదు. యకిమా వ్యాలీలో రెడ్ విల్లో అనే తోటలో 1986లో నాటారు మన రాష్ట్రపు మొదటి సిరా. ఇప్పుడు కాబర్నే, మెర్లో తర్వాత ఇక్కడి ముఖ్యమైన ఎర్ర ద్రాక్షల్లో ఇదొకటి.

చవక ఎందుకంటే, జనం కాబర్నే అడుగుతారు, సిరా అడగరు. పైగా మార్కెట్ అంతటా వైన్ అమ్మకాలు తగ్గాయి. 2023లో సెయింట్ మిషెల్ కంపెనీ ద్రాక్ష కొనుగోళ్ళు బాగా తగ్గిస్తామని రైతులకు చెప్పింది. కొన్నిచోట్ల తోటలు పీకేశారు కూడా. రైతులకి కష్టకాలం. మనలాంటి కొనేవాళ్ళకి మాత్రం మంచి పండు తక్కువ ధరకి వస్తోంది.

15 లోపు: సెయింట్ మిషెల్ కొలంబియా వ్యాలీ సిరా. 20 లోపు: చార్ల్స్ స్మిత్ పేరుతో వచ్చే బూమ్ బూమ్. 25 చుట్టూ: లెకోల్ నంబర్ 41 వాళ్ళ కొలంబియా వ్యాలీ సిరా. మూడోది నా ఓటు.

రోన్_ఒడ్డున (లియాన్, ఫ్రాన్స్)

బూమ్ బూమ్ నేను అమెరికా వచ్చినప్పుడు తాగాను బ్రదర్. బాగానే ఉంది కానీ అడిగినావిడకి జామ్ వద్దు కదా. అది పండు వైపు ఎక్కువ మొగ్గు.

స్నోక్వాల్మీ (రెడ్‌మండ్, వాషింగ్టన్)

12 డాలర్ల షిరాజ్‌తో పోలిస్తే అది పండే కానీ జామ్ కాదు. కోర్నాస్‌తో పోలిస్తే ఏదైనా జామ్‌లానే ఉంటుంది 🙂

నల్లకుంట_నవాబు (హైదరాబాద్)

మీరంతా అదృష్టవంతులు. ఇక్కడ బోర్డు మీద ఇంత లావు అక్షరాలతో 'వైన్స్' అని రాసి ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఒక మూల మూడు సీసాలు దుమ్ము కొట్టుకుని కూర్చుని ఉంటాయి, ఏప్రిల్‌లో కూడా అదే మూల, అదే ఎండ. షాపతన్ని సిరా ఉందా అని అడిగితే విస్కీ బ్రాండ్ అనుకుని లేదన్నాడు. సూపర్ మార్కెట్ టైపు పెద్ద షాపుల్లో కొంచెం నయం.

హైదరాబాద్ బడ్జెట్‌లో ఏం చెయ్యాలో కూడా ఎవరైనా చెప్పండి. 1500 రూపాయలు అనుకోండి.

మెల్‌బోర్న్_మావయ్య (మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా)

షిరాజ్ అంటే జామ్ అని తేల్చేశారు, ఆస్ట్రేలియా తరఫున నేను మాట్లాడాలి.

అమ్మా గోదారమ్మాయీ, మీరు తెచ్చింది 'సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా' అని లేబుల్ ఉన్నది అయ్యుంటుంది. ఆ పేరు కింద మూడు నాలుగు రాష్ట్రాల ద్రాక్ష కలపొచ్చు. ఎక్కువగా లోపలి వేడి ప్రాంతాల నీటిపారుదల తోటల పంట. దాన్ని చూసి షిరాజ్ అంటే ఇంతే అనుకోకండి. ఈ దేశంలో ఈ తీగలు 1832లో జేమ్స్ బస్బీ అనే ఆయన యూరప్ నుంచి తెచ్చిన తీగ ముక్కల్లో వచ్చాయి. ఫ్రాన్స్‌లో ఫిలోక్సెరా అనే వేరు పురుగు తోటల్ని తుడిచిపెట్టింది కానీ ఇక్కడి సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రానికి అది రాలేదు. అందుకే అక్కడి బరోసా లోయలో 1840ల నాటి షిరాజ్ తీగలు ఇంకా కాస్తున్నాయి. అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే పెరిగి అంత వయసున్న సిరా ఫ్రాన్స్‌లో వాళ్ళకే దొరకదు.

మీకు మిరియాలు కావాలంటే బరోసా వదిలి మా విక్టోరియా రండి. గ్రాంపియన్స్, పిరనీస్, హీత్‌కోట్. గ్రాంపియన్స్‌లో మౌంట్ లాంగీ గిరాన్ అనే వైనరీ ఉంది, వాళ్ళ పెద్ద వైన్ ఖరీదు, కానీ బిల్లీ బిల్లీ అని చిన్న లేబుల్ ఉంది. మూత తియ్యగానే మిరియాలు. పక్క రాష్ట్రం సౌత్ ఆస్ట్రేలియాలోని కూనవారా నుంచి విన్స్ ఎస్టేట్ షిరాజ్ కూడా వదలొద్దు. ఇక్కడ ఆఫర్లో 20 ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు పడుతుంది, పెట్టి ఉంచితే పదేళ్ళు నిలుస్తుంది. అమెరికాలో ఎంతకి వస్తుందో చూసుకోండి.

ఇంకో సంగతి. 2020 చివర్లో చైనా మా వైన్ మీద 100 నుంచి 200 శాతం పైదాకా సుంకాలు వేసింది, 2024 మార్చిలో గానీ తియ్యలేదు. ఆ మూడేళ్ళూ ట్యాంకుల్లో ఎర్ర వైన్ పేరుకుపోయింది, అందులో ఎక్కువ షిరాజే. ఇప్పటికీ ఇక్కడ క్లీన్‌స్కిన్ అని పేరు లేని సీసాలు అమ్ముతారు, ఏ వైనరీదో రాయరు, ప్రాంతం, సంవత్సరం మాత్రం ఉంటాయి. ప్రాంతం పేరు చూసి కొంటే వాటిలో భలే సరుకు తగులుతుంది. ఊరికే 'ఆస్ట్రేలియా' అని ఉంటే ముట్టుకోవద్దు.

కాఫీ_మాత్రమే (ఫ్రిస్కో, టెక్సాస్)

ఒక్క ప్రశ్న, వెటకారం కాదు. మీ అందరికీ నిజంగా మిరియాల వాసన వస్తుందా? ఒకసారి టేస్టింగ్‌కి తీసుకెళ్తే చుట్టూ ఉన్నవాళ్ళంతా 'పెప్పర్, పెప్పర్' అని తలలూపుతున్నారు. నాకు మాత్రం పుల్లటి ద్రాక్ష రసమే. చుట్టూ ఉన్నవాళ్ళు ఊహించుకుంటున్నారనే అనుకున్నా.

మెల్‌బోర్న్_మావయ్య (మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా)

ఊహ కాదు నాయనా. రోటండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది ఆ వాసన. 2008లో ఇక్కడి ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బయటపెట్టారు. మన వంటింట్లో మిరియాల్లో ఉండేదీ అదే. ద్రాక్ష తోలులో ఉంటుంది, చల్లటి చోట, చల్లటి ఏడాది ఎక్కువ తయారవుతుంది. లీటరు వైన్‌లో గ్రాములో కోటో వంతు కూడా లేకపోయినా ముక్కు పట్టేస్తుంది. కానీ సుమారు అయిదుగురిలో ఒకరికి అది అసలు తెలియదు, ఎంత వేసినా సరే. నువ్వు ఆ ఒక్కడివి అయ్యుంటావు.

కాఫీ_మాత్రమే (ఫ్రిస్కో, టెక్సాస్)

అంటే నాలాంటివాడు చల్లటి చోటి సిరాకి ఎక్కువ డబ్బు పెట్టడం శుద్ధ దండగ. చూశారా, ఈ చర్చలో అందరికన్నా ఎక్కువ డబ్బు ఆదా చేసింది నేనే.

సన్నజాజి (రెడింగ్, ఇంగ్లండ్)

ఇంగ్లండ్ వాళ్ళకి ఒక మాట. ఇక్కడ 2025 ఫిబ్రవరి నుంచి వైన్ డ్యూటీ ఆల్కహాల్ శాతాన్ని బట్టి వేస్తున్నారు. 14.5 శాతం సీసా మీద డ్యూటీ ఒక్కటే 3 పౌండ్లు దాటుతుంది, పైన వ్యాట్. అంటే 7 పౌండ్ల బరోసా షిరాజ్ కొంటే, డ్యూటీ, వ్యాట్, సీసా, ఓడ ఖర్చు, షాపు లాభం పోను లోపలి వైన్‌కి మిగిలేది చిల్లరే. 11, 12 పౌండ్లకి వెళ్తే డ్యూటీ అంతే ఉంటుంది, పెంచిన డబ్బులో చాలా భాగం వైన్‌కే వెళ్తుంది. అందుకే చవకవి రెండు కొనే బదులు మధ్యస్థం ఒకటి కొంటాం మేం. సూపర్ మార్కెట్లు సొంత లేబుల్‌తో అమ్మే క్రోజ్ ఎర్మిటాజ్ ఆ ధరల్లోనే ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో కావ్ ద తాన్ అని కనిపిస్తే కళ్ళు మూసుకుని బుట్టలో వేస్తాను.

లియాన్ గారూ, ఆ కావ్ ద తాన్ గురించి మీకు తెలిసే ఉంటుంది?

రోన్_ఒడ్డున (లియాన్, ఫ్రాన్స్)

తెలియకేం. తాన్ లెర్మిటాజ్ అనే చిన్న ఊళ్ళో రైతుల సహకార సంఘం అది, 1933లో పెట్టారు. మన పాల సొసైటీ లాంటిదనుకోండి: రైతులు పండు పోస్తారు, సంఘం వైన్ చేసి అమ్ముతుంది. ఎర్మిటాజ్ కొండ మీద కూడా వాళ్ళకి తోటలున్నాయి. సహకార సంఘం అంటే నాసిరకం అని ఇక్కడి పాతకాలం వాళ్ళు ముక్కు చిట్లిస్తారు. వీళ్ళ విషయంలో ఆ మాట చెల్లదు.

లియాన్ నుంచి లోకల్ రైలు ఎక్కితే గంటలోపే. స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. అదే ఊళ్ళో వాల్‌రోనా చాక్లెట్ కంపెనీ కూడా ఉంది, పిల్లల్ని అటు పంపి పెద్దవాళ్ళు ఇటు రావచ్చు. కొండ కింద నించుని చూస్తే షపూతియే, జబూలే పేర్లు గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. ఆ ఇద్దరూ క్రోజ్ కూడా చేస్తారు. షపూతియే వాళ్ళ లే మెసోనియే అమెరికాలో సులువుగా దొరికేది, 25 డాలర్ల చుట్టూ ఉంటుంది.

సంవత్సరం కూడా చూడండి. 2021 ఏప్రిల్‌లో మంచు పడి ఫ్రాన్స్ అంతటా చిగుళ్ళు మాడిపోయాయి, ఆ ఏడు వేసవి కూడా చల్లగానే పోయింది. విమర్శకులు మార్కులు తక్కువ వేశారు. కానీ మిరియాల ఘాటు కావాలంటే మీకు అదే మంచి ఏడాది. ఆల్కహాల్ తక్కువ, వాసన ఎక్కువ. షాపులు కొత్త సరుకు పెట్టుకోడానికి 2021వి తగ్గించి అమ్ముతుంటాయి. 2022 బాగా వేడి, కాస్త బొద్దుగా ఉంటుంది.

వేదిక నిర్వాహకులు

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక్క మనవి: ఎవరికైనా సీసాలు పంపుతాం, అమ్ముతాం అనే పోస్టులు పెట్టొద్దు. రెండు తీసేశాం.

గోదారమ్మాయి (బాతెల్, వాషింగ్టన్)

అయ్యో, ఇంత సమాచారం! అందరికీ థాంక్స్. నిన్న కాస్ట్‌కోలో చూస్తే కర్క్‌లాండ్ లేబుల్‌తో కోత్ దు రోన్ విలాజ్ ఉంది, పది డాలర్ల లోపే. రోన్ అని ఉంది కదా, అది కూడా సిరానేనా? ఇంకో షాపులో 'పెటీట్ సిరా' అని 14 డాలర్లకి ఉంది. అది చిన్న సైజు సిరా అనుకోవచ్చా?

స్నోక్వాల్మీ (రెడ్‌మండ్, వాషింగ్టన్)

పెటీట్ సిరా వేరే ద్రాక్ష అక్కా. దాని అసలు పేరు ద్యూరిఫ్, సిరాకీ పెలూర్సాన్ అనే ఇంకో రకానికీ పుట్టింది. పేరే పెటీట్, మనిషి మాత్రం మల్లయోధుడు. నల్లగా, మహా వగరుగా ఉంటుంది. మీరు వెతికేది అది కాదు.

రోన్_ఒడ్డున (లియాన్, ఫ్రాన్స్)

కాస్ట్‌కోది రోన్ నది దక్షిణ భాగానిది. అక్కడ గ్రెనాష్ అనే ద్రాక్షది రాజ్యం, సిరా పక్కవాయిద్యం. మంచి వైన్, ధరకి చాలా మంచి వైన్, కానీ మిరియాలు, పొగ ఆశించొద్దు.

ఒక మినహాయింపు గుర్తుపెట్టుకోండి. షాతో ద సాం కోమ్ అని జిగోందాస్ ఊరి వాళ్ళు. వాళ్ళ మామూలు కోత్ దు రోన్ రెడ్ మొత్తం సిరానే. అమెరికాలో 15, 18 డాలర్లకి చాలా షాపుల్లో ఉంటుంది. కోర్నాస్ అంత గంభీరం కాదు, కానీ నల్ల పండు, ఆలివ్, కాస్త మిరియం అన్నీ తగులుతాయి. మీ బడ్జెట్‌కి మొదటి సీసాగా నేను దీన్నే చెబుతాను. గిగాల్ కోత్ దు రోన్‌లో కూడా సగం దాకా సిరా వేస్తారు, అది ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

హెచ్ఎస్ఆర్_లేఅవుట్ (బెంగళూరు)

నల్లకుంట గారి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తా.

మన దేశంలో బయటి వైన్ మీద కస్టమ్స్ సుంకం చాలాకాలం 150 శాతం. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్ చివర్లో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో వాళ్ళ వైన్ మీద తగ్గింది: దిగుమతి ధర 5 డాలర్లు దాటిన సీసాకి వెంటనే 100 శాతం, 15 దాటితే 75, ఆపైన ఏటా కొంచెం తగ్గుతూ పోతుంది. అయినా దాని మీద రాష్ట్రం పన్నులు, మద్యం కార్పొరేషన్ మార్జిన్ వేసుకుంటూ పోతే మెల్‌బోర్న్‌లో మామూలు బ్రాండైన జేకబ్స్ క్రీక్ ఇక్కడికొచ్చేసరికి పెళ్ళికొడుకు అయిపోతుంది. ఆ ధరకి దాన్ని కొనడం నాకు మనసొప్పదు.

అందుకే 1500 లోపు దేశీయే నయం. నాసిక్ దగ్గర దిండోరి ఊరి పేరుతో సులా చేసే దిండోరి రిజర్వ్ షిరాజ్, మా నంది కొండల దగ్గర గ్రోవర్ జంపా చేసే లా రిజర్వ్ (కాబర్నే, షిరాజ్ కలిపింది). మీ దగ్గర ధరలు ఎలా ఉన్నాయో చూసుకోండి, రాష్ట్రం మారితే ధర మారిపోతుంది. వీటిలో మిరియాల కన్నా పండిన పండు, ఓక్ చెక్క పీపా రుచి ఎక్కువ. మన వాతావరణం అది. మన దగ్గర తీగకి ఏడాదికి రెండుసార్లు కత్తెర వేసి, పంట చలికాలంలో ముగ్గేట్టు చూసి జనవరి నుంచి మార్చి లోపు కోస్తారు. లేకపోతే వానల్లో కుళ్ళిపోతుంది. మహారాష్ట్ర రైతుల తెలివి అది.

హంపి కొండల్లో కృష్మా ఎస్టేట్స్ అని ఉంది, పెట్టింది హైదరాబాద్ ఫార్మా వ్యాపారవేత్తలే, మనవాళ్ళే. వైన్లు చాలా బాగుంటాయి. కానీ ఈ చర్చ బడ్జెట్‌లో పట్టవు.

నల్లకుంట_నవాబు (హైదరాబాద్)

ధన్యవాదాలు సార్. సీసా ఎండలో ఉడికిపోయిందో లేదో కొనేముందు ఎలా పట్టుకోవాలి?

హెచ్ఎస్ఆర్_లేఅవుట్ (బెంగళూరు)

కార్క్ పైకి తన్నుకొచ్చి ఉందా, మూత కింద కారిన మరక ఉందా చూడండి. వేడికి లోపల ద్రవం పెరిగి కార్క్‌ని తోస్తుంది. స్క్రూ మూత అయితే అది కనపడదు, అప్పుడు తయారీ సంవత్సరం చూసి వీలైనంత కొత్తది తీసుకోండి. ఏసీ ఉన్న షాపు, త్వరగా అమ్ముడుపోయే షాపు. వేసవిలో కొనకపోవడం ఇంకా ఉత్తమం.

తాగేటప్పుడు 'రూమ్ టెంపరేచర్' అన్న మాట మర్చిపోండి. అది యూరప్ పాత రాతి ఇళ్ళ గది, 16, 18 డిగ్రీలు. మన గది మే నెలలో 34. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, అదే వైన్ కొత్తగా ఉంటుంది.

సన్నజాజి (రెడింగ్, ఇంగ్లండ్)

అసలు విషయం ఎవరూ అడగలేదు. తిండి! మా ఇంట్లో సిరా తెరిచేది మాంసం వండినప్పుడే. కానీ గోంగూర మటన్‌తో ఎప్పుడూ కుదరదు. ఎందుకో?

రోన్_ఒడ్డున (లియాన్, ఫ్రాన్స్)

పులుపు వల్లండీ. కూర పుల్లగా ఉంటే ఆ పక్కన వైన్‌లో పులుపు తెలియదు, చప్పగా, నీరసంగా అనిపిస్తుంది. సిరాకి పులుపు అంత ఎక్కువ కాదు, గోంగూర ముందు ఓడిపోతుంది. చింతపండు పులుసులతోనూ అంతే. ఎర్రకారం ఇంకో శత్రువు. మిరపకాయ మంట మీద ఆల్కహాల్ పోస్తే మంట రెట్టింపు, వగరు కూడా మొరటుగా తెలుస్తుంది. 15 శాతం షిరాజ్‌తో గుంటూరు కారం కోడి వేపుడు తింటే చెవుల్లోంచి పొగలు.

కుదిరేవి: మిరియాలతో చేసిన మటన్ వేపుడు, కారం తగ్గించి. వాసనకి వాసన తోడవుతుంది. హైదరాబాదీ పత్తర్ కా గోష్త్, సీఖ్ కబాబ్, బొగ్గుల మీద కాల్చినవి ఏవైనా. ఉప్పు, కొవ్వు, పొగ ఈ మూడూ సిరా వగరుని మెత్తబరుస్తాయి. శాకాహారులకి గుత్తి వంకాయ కన్నా నిప్పుల మీద కాల్చి చింతపండు వెయ్యని వంకాయ పచ్చడి మేలు. పుట్టగొడుగుల మిరియాల వేపుడు కూడా.

మెల్‌బోర్న్_మావయ్య (మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా)

నేను ఒప్పుకోను. మా ఆవిడ చేసే నాటుకోడి పులుసుతో మెక్‌లారెన్ వేల్ షిరాజ్ బ్రహ్మాండం. పండు తీపి కారాన్ని పట్టి ఉంచుతుంది. ఫ్రెంచి పద్ధతులన్నీ మన కూరలకి పనికిరావు.

రోన్_ఒడ్డున (లియాన్, ఫ్రాన్స్)

ఆ పాయింటు నిజమే మావయ్యగారూ, పండు తీపి ఉన్న వైన్ కారానికి కొంత ఆగుతుంది. కానీ పులుసు దగ్గర నేను బీరు వైపే.

గోదారమ్మాయి (బాతెల్, వాషింగ్టన్)

సాం కోమ్ దొరికింది, 16 డాలర్లు. తెరవగానే కుళ్ళిన గుడ్డు, కాలిన అగ్గిపుల్ల వాసన. పాడైపోయిందా? తిరిగి ఇచ్చెయ్యాలా?

స్నోక్వాల్మీ (రెడ్‌మండ్, వాషింగ్టన్)

ఆగండాగండి, పారబొయ్యకండి. సిరాకి ఈ గుణం ఉంది. పులిసేటప్పుడు, ఆ తర్వాత గాలి తగలకపోతే గంధకం వాసనలు పట్టుకుంటాయి. పెద్ద జగ్గులో ధారగా పోసి, గిలకొట్టి అరగంట వదిలెయ్యండి. చాలాసార్లు పోతుంది. గంటన్నర అయినా పోకపోతే అప్పుడు తిరిగి ఇవ్వండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది కార్క్ జబ్బు, ఎంతసేపు ఉంచినా పోదు.

గోదారమ్మాయి (బాతెల్, వాషింగ్టన్)

గంటకి పోయింది! వెనకే మిరియాలు వచ్చాయి. మావారికి ఆలివ్ కూడా తెలిసిందట, నాకు తెలియలేదు.

సన్నజాజి (రెడింగ్, ఇంగ్లండ్)

భలే. తర్వాతి సీసాకి దక్షిణ గోళం కూడా చూడండి. సౌతాఫ్రికా నుంచి బూకెన్‌హౌట్స్‌క్లూఫ్ వాళ్ళ పోర్క్యుపైన్ రిడ్జ్ సిరా (పలకలేకపోతే లేబుల్ మీద ముళ్ళపంది బొమ్మ చూడండి), పొగ వాసన బాగా ఉంటుంది, ధర తక్కువ. చిలీలో ఎల్కీ లోయ నుంచి ఫాలెర్నియా సిరా. ఎల్కీ అంటే టెలిస్కోపులు పెట్టిన ప్రాంతం, ఆకాశం అంత నిర్మలం, రాత్రులు అంత చల్లన. చిలీ సిరాలు ధరకి మించి ఇస్తాయి, ఎందుకో ఎవరూ పట్టించుకోరు.

షెల్ఫ్ ముందు నించుని ఏమీ గుర్తురాకపోతే ఆల్కహాల్ అంకె చూడండి. 12.5 నుంచి 13.5 మధ్య ఉంటే మీరు కోరే వైపు, 14.5 దాటితే మావయ్యగారి వైపు. ప్రతిసారీ నిజం కాదు, కానీ లేబుల్ మీద ఉచితంగా దొరికే సమాచారంలో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. బంగారు పతకాల స్టిక్కర్లు అసలు చూడకండి.

నల్లకుంట_నవాబు (హైదరాబాద్)

మా తమ్ముడు వచ్చే నెల న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. ఎన్ని తెమ్మనొచ్చు, ఏవి తెమ్మనాలి?

హెచ్ఎస్ఆర్_లేఅవుట్ (బెంగళూరు)

పెద్దవాళ్ళకి మనిషికి 2 లీటర్ల వరకు సుంకం లేదు, విస్కీ, వైన్, బీరు అన్నీ కలిపి. అంటే రెండు మామూలు సీసాలు, ఇంకా 375 మిల్లీల చిన్న సీసా ఒకటి పడుతుంది. తమ్ముడు మీకోసం విస్కీ కూడా తెస్తుంటే ఆ లెక్క ఇందులోంచే పోతుంది, ముందే మాట్లాడుకోండి.

ఇక్కడ దొరికే షిరాజ్‌లు తెప్పించుకోవద్దు. ఒకటి క్రోజ్, ఒకటి కొలీన్ రొదానియెన్ తెమ్మనండి. చేతి సంచిలో తేనివ్వరు. పెట్టెలో జీన్స్ మధ్య చుట్టి, బయట ప్లాస్టిక్ కవరు వేసి పెట్టమనండి. తెల్ల చొక్కాలు మాత్రం వేరే పెట్టెలో సర్దుకోమనండి.